ఒక్క తిప్పుకి పోయిన మరక

“అంట్లు తోమాలి,” అన్నాడు పెద్దాయన.

“ఇంట్లో తోమే వచ్చాను సార్,” అంది ఏజెంట్ అత్తిపత్తి.

డ్రై క్లీనింగ్ షాపు వెనక గది అది. పైనుంచి వేలాడుతున్న కోట్ల మధ్య ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఎర్ర ఫోను. ముందు షాపులో ఎవరో చొక్కా మీది ఇంకు మరక గురించి గొడవపడుతున్నారు. దేశ రహస్య విభాగం హెడ్డాఫీసు ఈ గోడ అవతలే ఉందని ఆ చొక్కా ఆసామికి తెలియదు. తెలిసినా మరక పోదు.

అత్తిపత్తి అంటే ముట్టుకుంటే ముడుచుకుపోయే మొక్క. ఆమెకి ఆ కోడ్ నేమ్ పెట్టినవాడికి హాస్యం పాలు కాస్త ఎక్కువై ఉండాలి. కదిలే రైలు మీంచి దూకినప్పుడు గానీ, తుపాకీ గురిపెట్టినవాడికి టీ కలిపి ఇచ్చినప్పుడు గానీ ఆమె ముడుచుకుపోయినట్టు రికార్డుల్లో లేదు. ఒక్క అత్తగారి ముందు తప్ప. ఇంట్లోవాళ్ల లెక్కలో ఆమె బీమా ఏజెంట్. అందులో సగమే అబద్ధం కాబట్టి ఇన్నేళ్లూ బండి నడిచింది.

“జోకులొద్దు. సిట్యుయేషన్ సీరియస్,” అన్నాడు పెద్దాయన. విభాగానికి చీఫ్ ఆయనే. “ఊరి చివర రీసెర్చ్ లాబ్. విదేశీ ముఠా ‘ఉడుము’ దగ్గర ఒక విషవాయువు ఉంది. దానికి భూమ్మీద ఉన్న ఒకే ఒక్క విరుగుడు ఆ లాబ్‌లో ఉంది. ఒకే ఒక్క శాంపిల్. అది పోతే మళ్లీ తయారీకి ఏడాది. ఆ ఏడాదిలో ఉడుము ఏ ఊరిమీద గ్యాస్ వదిలినా మనం చూస్తూ కూర్చోవాలి.”

“చూడ్డానికి మిగిలితే.”

“ఎగ్జాక్ట్లీ. లాబ్‌లోంచి కాగితం బయటికి పోదు. పెన్‌డ్రైవ్ పోదు. అయినా విషయాలు పోతున్నాయి. లీకు గాజుసామాను కడిగే సెక్షన్‌లో ఉందని లావెండర్ కబురు పంపింది.”

లావెండర్ డబుల్ ఏజెంట్. పైకి లాబ్‌లో సీనియర్ కెమిస్ట్, ఉడుము దృష్టిలో ఉడుము మనిషి, వీళ్ల నమ్మకంలో వీళ్ల మనిషి. ఆమె కారిడార్‌లో ఈ చివర తిరిగితే ఆ చివర ఉన్నవాళ్లు జుట్టు సర్దుకుంటారని ప్రతీతి.

“అనుమానం ఎవరి మీద సార్?”

“వాషింగ్ సెక్షన్ హెడ్. అందరూ నురగక్క అంటారు. నువ్వు ఆమె కింద కొత్తగా చేరిన మనిషివి. వెంటే ఉండు, కనిపెట్టు. ఇవిగో గాడ్జెట్స్.” జడపిన్నులో కెమెరా. టెస్ట్‌ట్యూబులు కడిగే బ్రష్షులో ట్రాన్స్‌మిటర్. “పిడి చివర నొక్కితే మన టీమ్ క్షణాల్లో దిగుతుంది. ఒక్కటే కండిషన్, ఇది తడవకూడదు.”

“గిన్నెలు కడిగే బ్రష్షు తడవకూడదా సార్?”

పెద్దాయన ఒక్క క్షణం కోట్లవైపు చూశాడు. “టెక్నికల్ డిపార్ట్‌మెంట్‌లో అందరూ మగవాళ్లే,” అని ఒప్పుకున్నాడు.

*

వాషింగ్ సెక్షన్ అంటే పొడుగాటి గది. గోడ పొడుగునా స్టీలు సింకులు, మూలన మూతపెట్టిన యాసిడ్ తొట్టి, కిటికీ పక్కన గాజుసామాను బోర్లించే మేకుల చెక్క. పైఅంతస్తుల్లో సైంటిస్టులు ప్రపంచాన్ని మార్చేస్తూ ఉంటారు. మార్చగా మిగిలిన మురికి ట్రేలలో ఇక్కడికి దిగుతుంది.

నురగక్కకి యాభై దాటాయి. మోచేతులదాకా రబ్బరు తొడుగులు, మోకాళ్లదాకా బూట్లు, మధ్యలో మిగిలిన మనిషంతా నోరు.

“ఏమ్మాయ్, ఇంతకుముందు ఎక్కడ చేశావు?”

“ఇళ్లల్లో అక్కా.”

“అయితే నేర్చుకున్నదంతా మర్చిపో. ఇంట్లో గిన్నె మెరిస్తే చాలు. ఇక్కడ మెరిసేవాటినే నమ్మకూడదు.” ఒక బీకరు తీసి కుళాయికింద తిప్పి వెలుతురుకి ఎత్తింది. “చూడు. నీళ్లు గాజుమీద దుప్పటి కప్పినట్టు ఒకే పొరగా జారాలి. అలా కాకుండా పూసలు పూసలుగా నిలబడ్డాయనుకో, కంటికి కనపడని జిడ్డేదో ఇంకా ఉన్నట్టే. మళ్లీ కడుగు.”

“మళ్లీ నిలబడితే?”

“మళ్లీ కడుగు. గాజుకి సిగ్గుండదు, మనకుండాలి.”

ఇంకో రూల్ కూడా చెప్పింది. మెడకి ఎర్రదారం కట్టిన సీసా, ఫ్లాస్కు ఏదైనా సరే, అందులో అమృతం ఉన్నా అడుసు ఉన్నా ముట్టుకోకూడదు. అది ఇంకా సైంటిస్టుల సొత్తు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి సగం ఇటు తోసింది. అడగలేదు. కొత్త మనిషి ఖాళీ చేతులతో వచ్చిందని కనిపెట్టింది, అంతే. నిజానికి అత్తిపత్తి డబ్బా తెచ్చుకుంది. పేద పనిమనిషి కవర్‌కి బావుండదని సంచిలోంచి తియ్యలేదు. దేశం కోసం ఆ పూట ఒక అబద్ధపు ఆకలితో ఒక నిజమైన అన్నం తింది.

కాంటాక్ట్ మర్నాడు జరిగింది. హైహీల్స్ చప్పుడు, దానికంటే ముందు సెంటు వాసన. లావెండర్ సింకు పక్కకి వచ్చి చెయ్యి కడుక్కుంటూ అడిగింది:

“ఇక్కడి నీళ్లు ఉప్పగా ఉంటాయా?”

“సబ్బు నురగని అడగాలి,” అంది అత్తిపత్తి. కోడ్ కలిసింది.

“మీ అక్కని వదలకు,” అని పెదవులు కదపకుండా అని, అద్దంలో లిప్‌స్టిక్ చూసుకుని వెళ్లిపోయింది. అత్తిపత్తి రాత్రి డ్యూటీకి వేసుకునే చప్పుడు కాని చెప్పులకంటే ఆమె మాట మెత్తగా ఉంది.

*

తప్పు జరిగింది ఒక మామూలు ఉదయం. పెద్ద తప్పులన్నీ మామూలు ఉదయాలే చూసుకుంటాయి.

నురగక్క ఆ రోజు వచ్చేటప్పుడే కళ్లద్దాలు విరగ్గొట్టుకుంది. బస్సులో కూర్చుంటూ వాటిమీదే కూర్చుంది. “నా బరువుకి తట్టుకోలేక పోయాయమ్మా, పాపం, నా మొగుడిలాగే,” అని నవ్వి, ఆ పూట కళ్లతో కాక వేళ్లతో కడగడం మొదలెట్టింది. మధ్యలో స్టోరు మనిషి పిలిస్తే సబ్బు డబ్బాల కోసం బయటికెళ్లింది.

అత్తిపత్తి ఒక్కతే ఉంది. చెవులు తలుపు మీద, కళ్లు కిటికీ మీద, మెదడు ఉడుము మీద. చేతులు మాత్రం ఖాళీ.

అక్కడే ఉంది అసలు గొడవ. ఆమె చేతులు ఖాళీగా ఉండలేవు. సింకు పక్కన ఒక ఫ్లాస్కు ఉంది. అడుగున పాలు కాచిన గిన్నెలో మిగిలినట్టు తెల్లటి పొర. ఎంగిలి గిన్నె కంటపడితే అది పరాయి ఇంట్లోదైనా తియ్యకుండా ఉండలేని జబ్బు ఆమెది. ఒకసారి శత్రుదేశపు రాయబారి ఇంట్లో దొంగతనంగా దూరి, ఫైలు ఫొటోలు తీసి, వెళ్తూ వెళ్తూ ఆయన కాఫీ కప్పు కడిగిపెట్టి వచ్చింది.

చెయ్యి దానంతట అదే వెళ్లింది. సబ్బు, గోరువెచ్చని నీళ్లు, అందిన బ్రష్షుతో ఒక్క తిప్పు. మరక పోయింది. నీళ్లు దుప్పటిలా జారాయి. మేకుకి బోర్లించింది. అప్పుడు చేతిలోకి చూసుకుంది. చేతిలో ఉన్నది టెక్నికల్ డిపార్ట్‌మెంట్ బ్రష్షు. పిడిలోంచి చిన్న బుడగ ఒకటి వచ్చి టప్పున పేలింది.

‘సరే, ట్రాన్స్‌మిటర్ పోయింది,’ అనుకుంది. ‘ఇంతకంటే నష్టం ఏముంటుంది?’

గంట తిరక్కుండా తెలిసింది.

*

ముందు లావెండర్ కేక. తరవాత కారిడార్ నిండా బూట్లు. డైరెక్టర్ మెట్లు దిగి వాషింగ్ సెక్షన్‌కి రావడం అందరికీ అదే మొదటిసారి.

“శాంపిల్ ఫ్రీజర్ తాళం పట్టేసింది,” అంది లావెండర్. “ఇంకో తాళంచెవి తేవడానికి వెళ్తూ ఫ్లాస్క్ ఇక్కడ పెట్టాను. దారం కట్టే పెట్టాను సార్! ఎర్రదారం!”

సింకు జల్లెడలో ఎర్రదారం దొరికింది.

అత్తిపత్తి ఆ దారంవైపే చూసింది. దూసుకుపోయే కారు నంబరు పదేళ్ల తరవాత కూడా చెప్పగల మనిషి. ఫ్లాస్కు మెడకి దారం ఉందో లేదో గుర్తులేదు. ఉందేమో. నీళ్లలో జారిపోయిందేమో. దేశానికున్న ఒకే ఒక్క విరుగుడుని సబ్బుపెట్టి కడిగేసింది తనేనేమో.

“ఈ పూట సింకు దగ్గర ఎవరున్నారు?” అడిగాడు డైరెక్టర్.

నోరు తెరవబోయింది. తెరిచింది కూడా. కానీ ఆ నోట్లోంచి మాట వచ్చేలోపల పక్కనుంచి వచ్చేసింది.

“నేనే సార్,” అంది నురగక్క. ఖాళీ కళ్లు చిట్లించి తన చేతులవైపు చూసుకుంటోంది. “పొద్దుట్నుంచీ కళ్లద్దాలు లేవు. తడుముకుంటూ కడిగాను. దారం చేతికి తగిలి ఉంటుంది, గడ్డిపోచ అనుకుని ఉంటాను.”

“యాసిడ్ తొట్టిలో వేసేశావా?”

“వేసే ఉంటాను సార్. అన్నీ వేశాను.”

ఆ ప్రశ్న, ఆ జవాబు ఏజెంట్ అత్తిపత్తి జాగ్రత్తగా వినవలసినవి. వినలేదు. చెవుల్లో ఒకటే హోరు. తేలు కుట్టిన దొంగలా నిలబడింది. ఎవరో “అయ్యో” అంటే తననే అన్నారని ఉలిక్కిపడింది. గుమ్మడికాయల దొంగకి భుజాలైనా తడుముకోవడానికి వీలుంది. ఈమెకి చేతులకి తడి తొడుగులు.

నురగక్క మాత్రం ఏడవలేదు. వేళ్లు ఒక్కొక్కటే విప్పి, ముడిచి చూసుకుంటోంది, కొత్తగా ఎవరో తగిలించిన చేతుల్లాగా. “ఇన్నేళ్లలో ఒక్క గాజుపెంకు పగలలేదు సార్ ఈ చేతుల్లో,” అంది మెల్లిగా. “ఇవే ఇలా చేశాయంటే ఇంక వీటిని నేనే నమ్మకూడదు.”

ఆమెని పనిలోంచి తీసేశారు.

సాయంత్రం కోట్ల మధ్య పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. “చూశావా? లావెండర్ ముందే చెప్పింది. ఆ నురగక్కే.”

“కాదు సార్. ఆ ఫ్లాస్క్ కడిగింది నేను.”

బయట ఇస్త్రీపెట్టె ఆవిరి బుస్సుమంది. పెద్దాయన కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

“ఎవరికైనా చెప్పావా?”

“లేదు.”

“చెప్పకు. శాంపిల్ ఎలాగూ పోయింది. ఇప్పుడు నువ్వు బయటపడితే ఏజెంట్ కూడా పోతుంది. ఆమె మీదే ఉండనీ. అది ఆర్డర్.” లేచి, మూలనున్న వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. ఆయనకి అది మామూలు అలవాటే. ఆ రోజు మాత్రం ఆమె ఆ నీళ్ల చప్పుడు వినలేకపోయింది.

*

ఇంట్లో ఆమె సింకు దగ్గరికి వెళ్లడం మానేసింది. గిన్నెలు గుట్ట పడ్డాయి.

“బీమా కంపెనీలో ఏమైనా గొడవా?” అడిగాడు భర్త, వంటింటి గుమ్మంలో, సహాయం చెయ్యడానికి సరిగ్గా ఒక అడుగు దూరంలో నిలబడి.

“ఒకావిడకి నష్టం జరిగింది. నావల్ల.”

“క్లెయిమ్ ఇప్పించెయ్.”

“ఇప్పించాలంటే ముందు నావల్లే జరిగిందని చెప్పాలి.”

“చెప్పెయ్ మరి.”

“చెప్పొద్దని పైవాళ్ల ఆర్డర్.”

అత్తగారు టీవీ ముందునుంచి కదలకుండా అంది: “అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. తొక్కేశావు. ఇప్పుడు కడుక్కోవా? మురికి కాళ్లతోనే ఇల్లంతా తిరుగుతావా?” ఒక్క క్షణం ఆగి, “ఆ గిన్నెలు కూడా,” అని చేర్చింది.

ఆ మాట తుపాకీ గుండుకంటే సూటిగా తగిలింది. గుండైతే తప్పుకోవడం ఆమెకి ట్రైనింగ్‌లో నేర్పారు.

*

ఇప్పుడు వాషింగ్ సెక్షన్‌లో ఆమె ఒక్కతే. నురగక్క ఆప్రాన్ మేకుకి వేలాడుతోంది. ఆమె తాగే గ్లాసు కిటికీలో ఉంది. అత్తిపత్తి ఆ గ్లాసుని మాత్రం కడగలేదు. కదపలేదు కూడా.

కుర్ర కెమిస్ట్ ఒకడు ఒక ఫ్లాస్కు తెచ్చి పెట్టాడు. “విరుగుడు మళ్లీ మొదలెట్టామండీ. మొదటి మెట్టులోనే చెడిపోయింది. ఇది కడిగేయండి.”

అడుగున తెల్లటి పొర. అదే ఫ్లాస్కు తిరిగొచ్చినట్టు అనిపించింది. పోనీ, శిక్ష అనుకుని కడుగుదాం అనుకుంది. సబ్బు, గోరువెచ్చని నీళ్లు, ఒక తిప్పు.

పోలేదు.

ఇంకో తిప్పు. పోలేదు. వేడినీళ్లు. బ్రష్షు అరిగేలా రుద్దింది. పొర పల్చబడి గాజంతా పరుచుకుంది, కంటికి కనపడకుండా పోయింది. అద్దంలా ఉంది. అమ్మయ్య అనుకుంటూ కుళాయికింద తిప్పి వెలుతురుకి ఎత్తింది.

గాజు నిండా పూసలు. నీళ్లు చెమటలా, ముత్యాల్లా ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి.

“అది అలా పోదండీ,” అన్నాడు కుర్ర కెమిస్ట్, తలుపు దగ్గర వెనక్కి తిరిగి. “ఈ విరుగుడు గాజుని పట్టుకుంటే ఉడుంపట్టే. యాసిడ్‌లో ఓ రాత్రి నానాలి.”

వాడు వెళ్లిపోయాడు. అత్తిపత్తి కదల్లేదు. చేతిలో ఫ్లాస్కు, దానిమీద పూసలు, వాటి వెనక కిటికీ.

ఆ రోజు ఒక్క తిప్పుకి పోయింది. దుప్పటిలా జారాయి నీళ్లు.

అంటే తను కడిగింది విరుగుడు కాదు. గంజో, పాలో, ఏదో. విరుగుడు ఆ ఫ్లాస్కులో ఎప్పుడూ లేదు. అందులో ఉందని చెప్పింది ఎవరు? దారం కట్టానన్నది ఎవరు? ఆ దారాన్ని కేక పెట్టడానికి ముందు సింకులో జారవిడవగలిగింది ఎవరు? వాషింగ్ సెక్షన్ మీద మొదట అనుమానం నాటింది ఎవరు? అన్నిటికీ ఒకటే సెంటు వాసన.

యాసిడ్ తొట్టిలో వేశావా అని డైరెక్టర్ అడిగినప్పుడే ఇది తట్టాలి. అప్పుడు తను నోరు విప్పి “లేదు సార్, సబ్బుతో కడిగాను” అని ఉంటే లావెండర్ అక్కడికక్కడే దొరికేది. తను నోరు మూసుకోవడమే ఆమెకి కవర్ అయింది. ఇన్నేళ్ల సర్వీసులో శత్రువుకి ఇంత గొప్ప సాయం ఎప్పుడూ చెయ్యలేదు.

అయితే అసలు విరుగుడు ఎక్కడ? పల్చగా పరిస్తే కనపడదు. గాజుని వదలదు. కడిగిన ఫ్లాస్కులాగే ఉంటుంది. కడిగిన ఫ్లాస్కుని ఎవరు అనుమానిస్తారు?

కింద వ్యాను హారన్ మోగింది. ఆమె కిటికీలోంచి వంగి చూసింది. పాత గాజుసామాను కాలేజీలకి దానం చెయ్యడం ఈ లాబ్ ఆనవాయితీ. కడిగిన ఫ్లాస్కులు సర్దిన చెక్కపెట్టె వ్యాను ఎక్కుతోంది. పక్కన హైహీల్స్.

బ్రష్షు పిడి నొక్కింది. బుడగ వచ్చింది. అంతే.

పరిగెత్తింది.

*

గేటు దగ్గర అడ్డుకర్ర అప్పటికే సగం లేచింది. ముందు సీట్లో లావెండర్. బయట డైరెక్టర్, ఆమెకి చెయ్యి ఊపుతూ. ఇంకో పక్క, ఆప్రాన్ జతలు, బూట్లు, తాళంచెవి సంచిలో పెట్టుకుని అప్పగించడానికి వచ్చిన నురగక్క, విరిగిన కళ్లద్దాలకి దారం కట్టుకుని.

“ఆపండి!” తడి తొడుగులతోనే బానెట్ మీద చరిచింది అత్తిపత్తి. “ఆ పెట్టె దించండి!”

“ఏమైంది ఈమెకి?” లావెండర్ అద్దం దించి నవ్వింది. “సార్, నాకు ఆలస్యం అవుతోంది.”

“పక్కకి జరుగమ్మా,” అన్నాడు సెక్యూరిటీ. “అంట్లు తోమే మనిషి చెబితే వ్యాను ఆపుతారా?”

నిజమే. ఆపరు. అంట్లు తోమే మనిషి చెబితే ఆపరు. ఏజెంట్ చెబితే ఆపుతారు. ఏజెంట్ అని చెప్పాలంటే కవర్ పోతుంది. కవర్ పోతే కెరీర్ పోతుంది. ఇదంతా ఒక రెప్పపాటు. కానీ ఆ రెప్పపాటులో ఆమె చూసింది లావెండర్‌ని కాదు, నురగక్క సంచి పట్టుకున్న వేళ్లని. సంచిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది, జారిపోతుందేమోనని. గాజు కూడా లేదు అందులో.

“డైరెక్టర్‌గారూ! నేను రహస్య విభాగం ఏజెంట్‌ని. జడపిన్నులో కెమెరా ఉంది, కావాలంటే తరవాత చూసుకోండి. ముందు ఇది వినండి. ఆ ఫ్లాస్క్ కడిగింది అక్క కాదు. నేను.”

నురగక్క తల తిప్పింది.

“సబ్బుతో కడిగాను. ఒక్క తిప్పుకి పోయింది. యాసిడ్ లేదు, ఏమీ లేదు. మీ విరుగుడు సబ్బుకి పోతుందా సార్?”

డైరెక్టర్ ముఖంలో రంగు మారింది. “ఛాన్సే లేదు,” అన్నాడు.

“అయితే అది విరుగుడు కాదు. అసలుది ఆ పెట్టెలో ఉంది.”

అడ్డుకర్ర మళ్లీ కిందికి దిగింది. పెట్టె కూడా దిగింది. మెరుస్తున్న ఫ్లాస్కులు, అన్నీ ఒకేలా, దొంతరగా. సెక్యూరిటీ బల్లమీది నీళ్ల సీసా లాక్కుంది అత్తిపత్తి.

“అయ్యో, తాగే నీళ్లండీ!”

“దేశం కోసం దాహంగా ఉండండి.” ఒక ఫ్లాస్కులో పోసి తిప్పి వొంపింది. వెలుతురు పడక, తడి తొడుగుల్లో తేల్చుకోలేక తడబడుతుంటే పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి ఫ్లాస్కు అందుకుంది.

“అలా పట్టుకుంటే ఏం తెలుస్తుంది?” అంది నురగక్క. ఆమె వైపు చూడలేదు. ఎండకి ఎత్తింది. “దుప్పటి. ఇంకోటి.” అత్తిపత్తి ఇంకోటి తడిపి అందించింది.

“దుప్పటి. ఇంకోటి.”

సీసాలో నీళ్లు అడుగంటాయి. పెట్టెలో ఫ్లాస్కులు కూడా. ఆఖరు గుక్క ఆఖరు వరసలోని ఒకదాంట్లో పడింది. నురగక్క తిప్పింది, ఎత్తింది.

“పూసలు,” అంది.

గాజు లోపలంతా ముత్యాలు పేర్చినట్టు నీళ్లు నిలబడ్డాయి.

లావెండర్ వ్యానులోంచి ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు. ఒక చేతిలో లిప్‌స్టిక్. లిప్‌స్టిక్ చివర చిన్న గొట్టం. ఇంకో చెయ్యి ఫ్లాస్కు మెడ మీద. ఒక్క లాగుతో ఊడలాక్కుంది.

“వెనక్కి! నాకు దక్కకపోతే ఎవరికీ దక్కదు. ఉడుముకి విరుగుడు కావాలని ఎవరన్నారు? విరుగుడు లేకపోవడం చాలు!”

చెయ్యి తలపైకి లేచింది. కింద సిమెంటు నేల. అత్తిపత్తి దూకి మోచేతిమీద కొట్టింది. లిప్‌స్టిక్ పేలి సెక్యూరిటీ టోపీకి చిల్లు పడింది. కానీ ఫ్లాస్కు అప్పటికే చెయ్యి వదిలింది. తడి గాజు, ఎండలో గిర్రున తిరుగుతూ, నేలకి ఒక జానెడు, అరజానెడు—

నురగక్క మోకాళ్లమీద పడింది. రెండు అరచేతులూ దోసిలి అయ్యాయి. ఫ్లాస్కు అందులో దిగింది, పక్షి గూట్లో దిగినంత నెమ్మదిగా. చప్పుడు కూడా రాలేదు.

అత్తిపత్తి లావెండర్ చేతులు వెనక్కి విరిచి పట్టుకుంది. నురగక్క నేలమీదే కూర్చుని చేతుల్లోకి చూసుకుంటోంది.

“బాగానే ఉన్నాయి,” అంది చివరికి, తనలో తనే. “నా చేతులు బాగానే ఉన్నాయి.”

*

డైరెక్టర్ అక్కడే క్షమాపణ చెప్పాడు, ఉద్యోగం తిరిగిచ్చాడు, కొత్త కళ్లద్దాలు లాబ్ తరఫున అన్నాడు. ఆమె అన్నిటికీ “సరే సార్” అంది. తరవాత అత్తిపత్తి వంతు వచ్చింది.

“అక్కా. దారం చూశానో లేదో నాకే తెలియలేదు. అందుకని...”

“దారం లేదుగా. ఆవిడే తరవాత సింకులో వేసింది. కడిగినందుకు నీ తప్పేముంది? మురికి కనిపిస్తే కడగకుండా ఎలా ఉంటాం?” నురగక్క ఆప్రాన్ మడత విప్పుతోంది. “నేను కాదని నీకు తెలుసు. తెలిసీ నన్ను ఆ చేతులతో ఇంటికి పంపించావు. రాత్రుళ్లు మంచినీళ్ల గ్లాసు పట్టుకోవాలన్నా భయం వేసింది నాకు. అది చెప్పు. దానికి ఏ సబ్బు ఉంది?”

ఏ సబ్బూ లేదు.

“నా అన్నం కూడా తిన్నావు,” అంది నురగక్క. “డబ్బా తెచ్చుకుని మరీ.”

“నీకు తెలుసా?”

“సంచిలో వాసన వస్తే తెలియదా? బిడియపడుతోంది పాపం అనుకున్నాను.” ఆప్రాన్ తలమీంచి తగిలించుకుని నాడా వెనక్కి వేసింది. వేళ్లు అందలేదు. కాసేపు చూసి, “కట్టు,” అంది.

అత్తిపత్తి కట్టింది. ముడి గట్టిగా వేసింది.

బయటపడ్డ ఏజెంట్‌కి ఫీల్డ్ డ్యూటీ ఉండదు. పెద్దాయన ఆమెని డ్రై క్లీనింగ్ షాపు ముందు కౌంటర్‌లో కూర్చోబెట్టాడు, ఇంకు మరకల ఆసాముల ముందు. ఆర్డర్ మీరినందుకు మెమో ఇచ్చాడు, విరుగుడు దక్కినందుకు మెడల్ ఇచ్చాడు, రెండూ ఒకే కవర్లో పెట్టి. ఆమె సెలవు రోజుల్లో ఎక్కడికి పోతోందో ఆయనకి అంతుపట్టలేదు. ఒకరోజు ఎర్ర ఫోనులోంచి పట్టుకున్నాడు.

“ఎక్కడున్నావ్? వెనక ఆ నీళ్ల చప్పుడేంటి?”

“రీసెర్చ్ లాబ్‌లో సార్. వాషింగ్ సెక్షన్.”

“అక్కడికి నేను మిషన్ ఏమీ ఇవ్వలేదే! ఏం చేస్తున్నావ్?”

“అంట్లు తోముతున్నాను సార్.”

“అది సరే. అసలు పనేంటి? కవర్ ఏంటి?”

అత్తిపత్తి ఫోను భుజానికి, చెవికి మధ్య నొక్కిపట్టి, కుళాయికింద తిప్పిన బీకరుని కిటికీవైపు ఎత్తింది. ఓ మూలన ఒకే ఒక్క పూస నిలబడి ఉంది. కొత్త కళ్లద్దాల్లోంచి నురగక్క దాన్ని గది ఆ చివరినుంచే చూసేసింది.

“మళ్లీ కడగమంటున్నారు సార్,” అంది ఏజెంట్ అత్తిపత్తి. “పెట్టేస్తున్నాను.”